నా కుక్కకు మూడే కాళ్లు

'తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు' అని మొండోళ్లను వెక్కిరిస్తాం కదా. నా కుక్కకు నిజంగానే మూడే కాళ్లు. ఎవరైనా వచ్చి లెక్కపెట్టుకోవచ్చు. పేరు జున్ను. రంగూ అదే.

జున్ను ఫొటో ఒకటి ఇన్‌స్టాలో పెడితే చాలు, నాకు రెండు రకాల మెసేజ్‌లు వస్తాయి. మొదటి రకం: 'పాపం', 'అయ్యో', 'ఇలా బతికించే బదులు ఒక ఇంజెక్షన్ ఇప్పిస్తే పోయేది కదా బ్రో'. రెండో రకం తక్కువే వస్తాయి గానీ వాటిలో కంగారు ఎక్కువ: 'అన్నా, మా కుక్కకు కాలు తీసేయాలంటున్నారు డాక్టరు. ఇంటికి తెచ్చాక ఏం చేయాలి? ఎట్ల చూసుకోవాలి?'

ఈ వారం కాలమ్ ఆ రెండో రకం వాళ్లకు. మొదటి రకం వాళ్లు కూడా చదవొచ్చు, టికెట్ లేదు.

తీయించడమా, వదిలేయడమా

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే నేషనల్ హైవే 44 మా మేడ్చల్ మీదుగానే పోతుంది. ఆ రోడ్డు పక్కన సర్వీస్ రోడ్డు మీద ఒక టీ కొట్టు, ఆ కొట్టు దగ్గర నాలుగైదు వీధి కుక్కలు. అందులో జున్ను ఒకటి. రోజూ ఆఫీసుకు పోయే ముందు నా చేతిలో ఉస్మానియా బిస్కెట్‌లో సగం దానిదే. ఒక రాత్రి ఏదో బండి తగిలింది. వెనక ఎడమ కాలు మోకాలి కింద నుజ్జయింది. ఎముక ముక్కలైంది, చర్మం ఒలిచినట్టు పోయింది. వేళ్లను గట్టిగా నొక్కినా దానికి తెలియడం లేదు.

డాక్టర్ మూడు దారులు చెప్పారు. ఒకటి, ప్లేట్లు, రాడ్లు వేసి కాలు నిలబెట్టే ప్రయత్నం. రెండు మూడు ఆపరేషన్లు కావచ్చు, అప్పటికే గాయం మురికిగా ఉంది కాబట్టి ఇన్‌ఫెక్షన్ వస్తే మళ్లీ మొదటికే. రెండు, కాలు తీసేయడం. మూడోది ఆయన నోటితో అనలేదు, బల్ల మీద పెన్ను తిప్పుతూ కాసేపు ఆగారంతే.

అమ్మకు ఫోన్ చేశాను. మాది సిద్దిపేట దగ్గర ఊరు. ఎడ్లు, బర్రెల మధ్య పెరిగిన మనిషి. విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గట్ల కాలు గోసి బతికిచ్చుడు పాపం గాదా బిడ్డా? నోరు లేని జీవి. రేపు నడవకపోతే నిన్నే జూసుకుంట ఏడుస్తది" అంది.

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. డాక్టర్ దగ్గర సగం జవాబు ఉంది. కుక్క నిలబడ్డప్పుడు ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీదే పడుతుంది, వెనక కాళ్ల మీద 40 శాతం. కాబట్టి వెనక కాలు పోవడం ముందు కాలు పోయినంత కష్టం కాదు. ముందు కాలు పోయిన కుక్కలు కూడా చాలావరకు సర్దుకుంటాయి. మిగిలిన మూడు కాళ్లు, నడుము బాగుండాలి, ఒళ్లు మరీ బరువు ఉండొద్దు. అందుకే కాలు తీసే ముందు మిగతా కాళ్లను, తుంటిని కూడా చూస్తారు.

"మోకాలి దాకా ఉంచొచ్చు కదా సార్, అంతా తీసేయడం ఎందుకు?" అని అడిగాను. మీకూ ఈ డౌట్ వస్తుంది. సగం కాలు ఉంచితే కుక్క దాన్ని వాడాలని చూస్తుందట. నేలకు తగిలి, రాసుకుని, ఎప్పటికీ మానని పుండు అవుతుంది. అందుకే వెనక కాలైతే తొడ మధ్యలోగానీ తుంటి కీలు దగ్గరగానీ తీస్తారు. ముందు కాలైతే చాలాసార్లు భుజం పలకతో సహా తీసేస్తారు. ఎముక చివర మీద కండను దుప్పటిలా కప్పి కుడతారు.

కృత్రిమ కాలు సంగతి కూడా అడిగాను. జైపూర్ వెటర్నరీ డాక్టర్ తపేష్ మాథుర్ కృష్ణ అనే దూడ కోసం మొదలుపెట్టి పశువులకు 'కృష్ణా లింబ్' పేరుతో కాళ్లు తయారు చేస్తున్న సంగతి యూట్యూబ్‌లో చూసి ఉన్నాను. థాయ్‌లాండ్‌లో మోటాలా అనే ఏనుగు 1999లో మందుపాతర మీద కాలు పెట్టింది, దానికి 2009లో శాశ్వత కృత్రిమ కాలు పెట్టారు. ఏనుగు, ఆవు లాంటి బరువైన జీవులకు మూడు కాళ్ల మీద బతకడం చాలా కష్టం. పదిహేను కిలోల ఊరకుక్క లెక్క వేరు. ఒక్క కాలు పోయిన కుక్కకు సాధారణంగా ఏ కాలూ తగిలించాల్సిన పని రాదు.

మా పనిలో కొత్త కోడ్ బెడిసికొడితే రోల్‌బ్యాక్ చేస్తాం. కాలికి రోల్‌బ్యాక్ లేదు. రాత్రి పదకొండింటికి ఫారం మీద సంతకం పెట్టాను.

ఇల్లు ముందు, కుక్క తర్వాత

జున్ను రెండు రోజులు హాస్పిటల్లో ఉంది. ఆ రెండు రోజులు ఇంటి పనికి సరిపోయాయి.

మనందరి ఇళ్లలో దానికి మొదటి శత్రువు నేల. టైల్స్, గ్రానైట్, మార్బుల్ ఏదైనా మనకు అందం, మూడు కాళ్ల కుక్కకు జారుడుబండ. ఒక్కసారి కాళ్లు విడిపోయి పడితే కుట్లు ఊడొచ్చు, అంతకంటే నష్టం భయం. మళ్లీ లేవదు. నా పాత యోగా మ్యాట్, రెండు రబ్బరు మ్యాట్లు, కిరాణా షాపులో అడిగి తెచ్చిన గోనెసంచులు కలిపి పడక నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి తలుపు దాకా దారి వేశాను. ఇల్లంతా కప్పక్కర్లేదు. అది నడిచే దారి చాలు. అంచులు లేవకుండా టేప్ వేయండి.

పడక నేల మీదే ఉండాలి, మందంగా ఉండాలి. మా అమ్మ కుట్టిన బొంత మడతపెట్టి వేశాను. మంచం, సోఫా ఎక్కకుండా, మెట్ల వైపు పోకుండా అడ్డం పెట్టాలి. తిండి, నీళ్ల గిన్నెలు రెండు ఇటుకల మీద పెడితే మెడ వంచి బ్యాలెన్స్ పోగొట్టుకోదు. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే కొన్నాళ్లు వేరే గదిలో ఉంచండి. ప్రేమతోనే మీదకు దూకుతుంది, కుట్లకు ఆ తేడా తెలియదు.

ఒక మాట ముందే చెప్తున్నా. ఇంటికి తెచ్చినప్పుడు చూసి మీరు భయపడతారు. సగం ఒంటి మీద వెంట్రుకలుండవు. పొడుగ్గా కుట్ల వరస. చుట్టూ ఊదారంగు, నల్లరంగు. ఫొటోలు ఎవరూ చూపించరు కాబట్టి మనకు ఒక్కసారిగా గుండె జారుతుంది. జున్ను మాత్రం నన్ను చూసి తోక ఊపింది. తోక ఊపితే ఒళ్లు ఊగి పడబోయింది. అయినా ఊపింది.

మొదటి రాత్రి

మొదటి రాత్రి ఏడుపు ఉంటుంది. అంతా నొప్పే అనుకోకండి. మత్తుమందు, నొప్పి ఇంజెక్షన్లు దిగేటప్పుడు కుక్కలకు తికమకగా ఉంటుంది, ఎక్కడున్నామో తెలియనట్టు మూలుగుతాయి. పక్కన పడుకుని చెయ్యి వేస్తే చాలు. నేను ఆ రాత్రి దాని పక్కన చాప మీదే పడుకున్నాను. ఇద్దరం సరిగ్గా నిద్రపోలేదు. అయితే మూలుగు ఆగకుండా పెరుగుతుంటే, ఒళ్లు వణుకుతుంటే, పడుకోలేక పదేపదే లేస్తుంటే అది నొప్పి. డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిందే.

నీళ్లు కొంచెం కొంచెంగా పెట్టండి. ఒక రోజులోపు మూత్రం పోయాలి, పోయకపోతే చెప్పాలి. మలం మాత్రం రెండు మూడు రోజులు రాకపోయినా కంగారు వద్దు. మత్తు, నొప్పి మందుల వల్ల కడుపు నెమ్మదిస్తుంది.

బయటికి తీసుకెళ్లడానికి తువ్వాలు వాడాలి. స్నానం తువ్వాలును పొడుగ్గా మడిచి, వెనక కాలికి కొంచెం ముందు, పొట్ట కింద నుంచి తీసి రెండు కొసలూ పైన పట్టుకోవాలి. ఎత్తకూడదు, జారితే ఆపడానికి మాత్రమే. కుట్లకు తగలకుండా చూసుకోండి. మగకుక్క అయితే మూత్రానికి అడ్డం పడకుండా ఇంకాస్త ముందుకు జరపండి. ముందు కాలు పోయిన కుక్కకైతే పైన పిడి ఉన్న హార్నెస్ నయం. ఏదైనా మెడ పట్టీ పట్టుకుని మాత్రం లాగొద్దు.

మందుల డబ్బా

ఇక్కడ కొంచెం సీరియస్‌గా చదవండి. కుక్క ఏడుస్తోందని రాత్రి రెండింటికి ఇంట్లో ఉన్న డోలోనో, బ్రూఫెనో వేసేయాలనిపిస్తుంది. వేయొద్దు. ఐబుప్రోఫెన్ కుక్కలకు కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలు దెబ్బతీస్తుంది. పారాసెటమాల్ డోసు తప్పితే లివర్ మీద పడుతుంది. పిల్లికైతే ఒక్క బిళ్లే ప్రాణం తీయగలదు.

డాక్టర్ రాసిన మందునే కిలోల లెక్కన, టైమ్‌కు ఇవ్వాలి. నొప్పి మొదలయ్యాక ఇవ్వడం కాదు, మొదలవకముందే ఇవ్వాలి. ఫోన్‌లో అలారాలు పెట్టుకోండి. మెలాక్సికామ్ లాంటివి తిండితోపాటు ఇవ్వమంటారు. వాంతులు, నల్లటి మలం, తిండి మానేయడం కనిపిస్తే ఆపేసి వెంటనే అడగండి. స్టెరాయిడ్ ఏదైనా వాడుతూ ఉంటే ముందే చెప్పాలి, రెండూ కలిపి వేయకూడదు.

ఇంకోటి. లేని కాలు కూడా నొప్పి పెడుతుంది. మనుషుల్లో ఈ సంగతి చాలామంది వినే ఉంటారు, కుక్కల్లోనూ ఉంటుందనే డాక్టర్లు అనుకుంటారు. హాయిగా పడుకున్న కుక్క ఉన్నట్టుండి కెవ్వుమని, వెనక్కి తిరిగి కాలు ఉండాల్సిన చోట చూస్తుంది. జున్ను మూడుసార్లు అలా చూసింది. వీడియో తీసి పంపితే డాక్టర్ నరాల నొప్పికి గాబాపెంటిన్ రాశారు. దాన్ని మనుషుల మందుల షాపులో సిరప్ రూపంలో మాత్రం కొనకండి. కొన్ని సిరప్‌లలో తీపి కోసం జైలిటాల్ వేస్తారు, కుక్కలకు అది విషం.

నాలుగో రోజు

మూడో రోజు దాకా బాగానే ఉంది. నాలుగో రోజు పొద్దున జున్ను లేవలేదు. కోడిగుడ్డు పెట్టాను, వాసన కూడా చూడలేదు. తలుపు వైపు కాకుండా గోడ వైపు తిరిగి పడుకుంది. పిలిస్తే చెవి కూడా కదల్లేదు.

టీమ్ కాల్‌లో ఉన్నాను. ఎవరో స్ప్రింట్ గురించి మాట్లాడుతున్నారు. నాకు ఒకటే మాట వినపడుతోంది: 'గట్ల బతికిచ్చుడు పాపం గాదా బిడ్డా?' జున్నుకు మాటలొస్తే ఏమనేది? ఆ టీ కొట్టు దగ్గరే పోనివ్వక నన్నెందుకు ఇట్ల చేసినవ్ అనేదా?

మధ్యాహ్నం హాస్పిటల్‌కు తీసుకెళ్లాను. జ్వరం లేదు. చిగుళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి. గాయం శుభ్రంగా ఉంది. డాక్టర్ చెప్పింది ఇదీ: హాస్పిటల్లో ఇచ్చిన గట్టి ఇంజెక్షన్ల పని అయిపోయింది, వాపు ఇంకా తగ్గలేదు, కొత్తగా బరువు మోస్తున్న కండరాలు పట్టేశాయి. చాలా కుక్కలకు మొదటి వారంలో ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. నొప్పి మందు మార్చారు. సాయంత్రానికి గుడ్డులో పచ్చసొన మాత్రం తిన్నది. ఐదో రోజు తెల్లసొన కూడా తిన్నది.

మీకు ఈ నాలుగో రోజు మూడో రోజే రావచ్చు, ఆరో రోజు రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు. వస్తే 'కుంగిపోయింది పాపం' అని ఊరుకోకండి. ముందు నొప్పి, జ్వరం, ఇన్‌ఫెక్షన్ కాదని డాక్టర్ చేత చూపించుకోండి.

తిండి మామూలుగా ఉండాలి. అన్నం, ఉడికించిన చికెన్, గుడ్డు, కొంచెం పెరుగు. మన కూరల్లో ఉండే ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తానికి మంచివి కావు, కాబట్టి చారు కలిపి పెట్టొద్దు. ఉడికించిన ఎముకలు పెట్టొద్దు, చీలి గుచ్చుకుంటాయి.

గాయాన్ని చదవడం

రోజూ ఒకే టైమ్‌కు, ఒకే వైపు నుంచి, వెలుతురులో గాయం ఫొటో తీయండి. మన కళ్లు రోజూ చూసినదాన్ని గుర్తుపట్టలేవు, ఫొటోల వరస చెప్పేస్తుంది.

కమిలిన రంగు రోజులు గడిచేకొద్దీ కిందికి, పొట్ట వైపు దిగుతుంది. అది మామూలే. ఆరో రోజు కుట్ల కింద నిమ్మకాయంత వాపు కనపడింది, నొక్కితే నీళ్ల సంచిలా ఉంది. కాలు తీసిన ఖాళీలో నీరు చేరడమట. చిన్నదైతే దానంతటదే ఇంకిపోతుంది, మనం సూది గుచ్చొద్దు, పిసకొద్దు అన్నారు. పదో రోజుకు పోయింది.

మామూలు కానివి ఇవి: చీము, చెడు వాసన, వేడిగా ఎర్రగా పెరిగే వాపు, ఆగని రక్తం, విడిపోయిన కుట్లు, తెల్లబడిన చిగుళ్లు, ఒక రోజుకు మించి ఏమీ తినకపోవడం. వీటిలో ఏది కనిపించినా పొద్దునదాకా ఆగొద్దు.

పక్కింటి వాళ్లు పసుపు రాయమంటారు, కొబ్బరినూనె రాయమంటారు, పౌడర్ చల్లమంటారు. అందరికీ నమస్కారం పెట్టి ఏదీ రాయకండి. తడి తగలనివ్వొద్దు, స్నానం వద్దు. ఈగలు వాలనివ్వొద్దు. మన దగ్గర గాయాల్లో పురుగులు పడేది ఈగల వల్లే. పసిపిల్లలకు వేసే గొడుగు దోమతెర తెచ్చి పగలంతా దాని మీద పెట్టాను. మెడకు ఆ ప్లాస్టిక్ గరాటా కుట్లు తీసేదాకా ఉండాల్సిందే. అది జాలిగా చూస్తుంది, లొంగకండి. కుట్లు 10 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు.

నొప్పిలో ఉన్న కుక్క ప్రేమించే మనిషినైనా కరవొచ్చు. పంటి గాటు పడితే సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లండి. రోడ్డు మీది నుంచి తెచ్చిన కుక్కకు కూడా టీకా వేయించాలి, ఎప్పుడనేది డాక్టర్ చెప్తారు. మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కుక్కలకు రక్షారాబ్, మనుషులకు అభయ్‌రాబ్ పేరుతో ఈ టీకాలు తయారు చేస్తుంది.

ఇద్దరి స్టాండప్

మా టీమ్ స్టాండప్ పొద్దున పదింటికి. జున్ను స్టాండప్ ఆరింటికి. రెండింటిలోనూ ప్రశ్నలు అవే. నిన్న ఏం చేశావ్, ఇవ్వాళ ఏం చేస్తావ్, ఏదన్నా అడ్డం ఉందా.

మొదటి రెండు వారాలు నడక అంటే ఒంటికి రెంటికి వెళ్లి రావడమే, అదీ తాడుతోనే. తర్వాత ఐదు నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. ఒకేసారి అరగంట నడిపించొద్దు. మూడు కాళ్ల కుక్కకు మెల్లగా నడవడమే కష్టం, గెంతుతూ పోవడం సులువు. అందుకే తొందరపడుతుంది, తొందరగా అలిసిపోతుంది. కూర్చుంటే కూర్చోనివ్వండి.

పడుతుంది. పడ్డప్పుడు 'అయ్యో' అని పరిగెత్తకండి. మన మొహం చూసి అది భయపడుతుంది. దెబ్బ తగల్లేదనుకుంటే రెండు సెకన్లు ఆగండి, ఎక్కువసార్లు అదే లేస్తుంది. గోళ్లు కత్తిరించి, పాదాల కింద వెంట్రుకలు పెరిగితే తీయించండి, జారడం సగం తగ్గుతుంది.

కుట్లు తీశాక డాక్టర్‌ను అడిగి చిన్న కసరత్తులు మొదలుపెట్టాం. నిలబెట్టి బిస్కెట్ ముక్కను మెల్లగా ఎడమకు, కుడికి, కిందికి తిప్పడం. అది తల తిప్పుతూ బరువు మార్చుకుంటుంది. తర్వాత గడ్డి మీద, మెత్తటి మట్టి మీద నడక. నెల తిరిగేసరికి ఇంట్లో ఎవరి సాయం లేకుండా తిరిగింది.

ఒక సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. ఎడమ చెవి దురద పెడితే జున్ను తల వంచుతుంది, లేని కాలి దగ్గర కండ గబగబా కదులుతుంది. గోకుతున్నాననుకుంటుంది. చెవికి ఏమీ తగలదు. మొదటిసారి చూసినప్పుడు నా గొంతు పట్టుకుపోయింది. ఇప్పుడు ఆ కదలిక చూడగానే ఇంట్లో ఎవరు దగ్గరుంటే వాళ్లు వెళ్లి ఆ చెవి గోకుతారు. అటువైపు పిడుదులను కూడా మనమే వెతకాలి, దానికి అందవు.

అమ్మ వచ్చింది

మూడో వారం ఆఫీసుకు రమ్మన్నారు. అమ్మ సిద్దిపేట బస్సెక్కి వచ్చింది. వచ్చిన రోజు జున్ను వైపు చూడలేదు. రెండో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నా పాత టీషర్టు కత్తిరించి, కాలు లేని వైపు చుట్టేలా కుట్టి తొడిగింది. గీసిన వెంట్రుకలు ఇంకా రాలేదు కదా, ఫ్యాను గాలికి సలి పెడుతదట. మూడో రోజు ఉప్పు లేని మక్క గట్కలో పెరుగు కలిపి పెట్టింది. అది గిన్నె నాకుతుంటే, "మెల్లగ తినవే పిల్లా, ఎవలన్న గుంజుకుంటరా" అంటోంది.

వారం చివర ఇంటి ముందు ఉడుత దిగింది. జున్ను నా చేతిలోంచి తాడు గుంజుకుని వేపచెట్టు దాకా ఉరికింది. ఉడుత ఎక్కేసింది. జున్ను చెట్టుకు ముందు కాళ్లు ఆనించి, ఉన్న ఒక్క వెనక కాలి మీద నిలబడి మొరిగింది. మొరిగీ మొరిగీ మావైపు తిరిగి చూసింది, చూశారా అన్నట్టు.

అమ్మ కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. తర్వాత మెల్లగా, "దానికి కాలు పోయిన సంగతి యాదికే లేదురా. మనకే యాదికున్నది" అంది.

ఫోన్‌లో అడిగిన ప్రశ్నకు జవాబు ఆమే చెప్పుకుంది. నేనేం మాట్లాడలేదు.

మళ్లీ రోడ్డు మీదకా?

టీ కొట్టు అన్న ఒకరోజు అడిగాడు, "తమ్మీ, మళ్ల ఎప్పుడు తెచ్చి ఇడుస్తవ్?" అని. మంచి మనసుతోనే. కానీ హైవే పక్కన లారీకి తప్పుకోవాలంటే క్షణం పట్టాలి, జున్నుకు రెండు పడతాయి. మిగతా కుక్కలు మీదపడితే నిలదొక్కుకోలేదు. వీధి కుక్కకు కాలు తీయించే ముందు ఆలోచించాల్సిన అసలు ప్రశ్న ఇదే: తర్వాత అది ఎక్కడ ఉంటుంది? ఆపరేషన్ ఖర్చు ఒక్కసారి, ఇల్లు పదేళ్లు.

మా హౌస్ ఓనర్ అంకుల్ 'రెండు వారాలే' అని ఒప్పుకున్నారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు మెజారిటీ ఉందని పెంపుడు జంతువులను నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఉన్నాయి. ఇల్లు అద్దెకిచ్చిన ఓనర్‌తో మాత్రం రూల్ కన్నా చాయ్ బాగా పనిచేస్తుంది. టీకా సర్టిఫికెట్, స్టెరిలైజేషన్ కాగితం తీసుకుని వెళ్లాను. రాత్రి మొరగదు, తాడు లేకుండా బయటికి రాదు, గచ్చు నేను కడుగుతాను అని చెప్పాను. ఆయన జున్ను వైపు చూశారు. అది ఆయన చెప్పు మీద తల పెట్టి పడుకుంది. సంతకం లేని అగ్రిమెంట్ అయిపోయింది.

ఇప్పుడు కావలసినవి

బరువు పెరగనివ్వొద్దు. మూడు కాళ్ల కుక్కకు ఒక కిలో ఎక్కువైనా కీళ్లు కడతాయి ఆ వడ్డీ. పక్కటెముకలు చేతికి తగలాలి. ఎండాకాలం రోడ్డు మీద అరచేతి వెనక వైపు పెట్టి చూడండి, ఐదు సెకన్లు పెట్టలేకపోతే అది కూడా నడవలేదు. మేం ఆదివారం పొద్దున్నే షామీర్‌పేట చెరువు వైపు పోతాం, పది నిమిషాలు నడక, అరగంట కూర్చోవడం.

కాలు తీయడం అన్నిటికీ జవాబు కాదు. ఎముక క్యాన్సర్ అయితే కాలు తీస్తే నొప్పి పోతుంది, జబ్బు అప్పటికే ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు. ముందే ఛాతీ ఎక్స్‌రే అడగండి. మిగతా కాళ్లు బాగాలేని ముసలి కుక్కకు, బాగా బరువున్న కుక్కకు లెక్క వేరు. ఇంజెక్షనే దయ అయ్యే రోజులూ ఉంటాయి. అది డాక్టర్ చూసి చెప్పాలి, కామెంట్ బాక్స్ కాదు.

సంతకానికి ముందు ఇవి అడగండి: మిగిలిన మూడు కాళ్లు ఎలా ఉన్నాయి? ఎక్కడి దాకా తీస్తారు? ఇంట్లో నొప్పికి ఏం ఇస్తారు, ఎన్ని రోజులు? రాత్రి ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి? కట్లు, కుట్లు తీయడం, మళ్లీ చూపించడం అన్నీ కలిపి ఎంత? నాకైతే ఆరు నెలల బైక్ ఈఎంఐ అయింది.

ప్రైవేటులో భరించలేకపోతే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ వెటర్నరీ హాస్పిటల్ ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. మేడ్చల్ నుంచి ఔటర్ ఎక్కితే రాజేంద్రనగర్ దూరం అనిపించదు. వీధి జంతువులకైతే 1992 నుంచి పనిచేస్తున్న బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ ఉంది. పశువుల సంచార వైద్యానికి 1962 నంబర్ ఉంది, మీ ఏరియాలో కుక్కకు వస్తారో లేదో అడిగి చూడండి.

ఇప్పుడు ఇది చదువుతున్న వాళ్లలో ఎవరి పక్కనో గోడ వైపు తిరిగి పడుకున్న కుక్క ఉండొచ్చు. తిండి ముట్టక, పిలిస్తే పలక్క. డాక్టర్‌కు చూపించండి, మందు టైమ్‌కు వేయండి, పక్కన చాప వేసుకోండి. మంచి చేశానా చెడు చేశానా అనే తీర్పు మాత్రం ఇవ్వాళ ఇవ్వకండి. కుట్లు తీసేదాకా ఆగండి.